పాట పంపితే వినాలి కదా: సినిమా, సీరియల్, గేమ్ సంగీతంలో ఎవరికి ఏది పంపాలి?

నచ్చిన పాట లింకు పంపుతాం. అవతల నుంచి ఒక బొటనవేలు బొమ్మ వస్తుంది, అక్కడితో సరి. విన్నారా అని అడగడానికి మనకే మొహమాటం. పాటలో లోపమేం ఉండదు, వాళ్లకి మనమీద చిన్నచూపూ ఉండదు. మనం ఆ పాట వింటున్నప్పుడు సీను మొత్తం కళ్ల ముందు తిరుగుతుంటుంది. హీరో వెనక్కి తిరిగిన క్షణం, ఆఖరి ఎపిసోడ్, రాత్రి రెండింటికి గెలిచిన ఆఖరి లెవెల్, అన్నీ ఆ ట్యూన్‌కి అంటుకుని ఉంటాయి. అవేవీ లేనివాళ్లకి వినిపించేది నాలుగు నిమిషాల సౌండు మాత్రమే.

అందుకని పంపే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: సీను తీసేస్తే ఈ పాటలో ఎంత మిగులుతుంది? ఈ ప్రశ్న దగ్గర సినిమా పాట, బీజీఎం, సీరియల్ టైటిల్ మ్యూజిక్, గేమ్ మ్యూజిక్ ఒక్కోటి ఒక్కోలా తేలతాయి. ఏది గొప్ప అన్న పంచాయితీ నాకు అక్కర్లేదు. ఎవరికి ఏది పంపితే చివరిదాకా వింటారన్నదే ఇక్కడ విషయం.

సినిమా పాట: తెలియనివాళ్లకైనా పంపొచ్చు

మన దగ్గర సినిమా కన్నా పాటే ముందొస్తుంది. క్యాసెట్ల కాలంలో ఆడియో ఫంక్షన్ పెట్టి విడుదల చేసేవారు, ఇప్పుడు లిరికల్ వీడియోలు ఒక్కోటీ వదులుతున్నారు. 'నాటు నాటు' లిరికల్ 2021 నవంబరులో వచ్చింది. 'ఆర్‌ఆర్‌ఆర్' థియేటర్లకి వచ్చింది 2022 మార్చి 25న. అంటే నాలుగు నెలలకి పైగా ఆ పాట కథతో పనిలేకుండా జనంలో తిరిగింది. ఆ డాన్సు ఎక్కడ జరుగుతోందో, ఎవరి మీద పంతంతో చేస్తున్నారో తెలియకుండానే స్టెప్పు నేర్చేసుకున్నారు. 2023 మార్చిలో కీరవాణికి, చంద్రబోస్‌కి ఆస్కార్ వచ్చింది. ఓటేసినవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

సినిమా కన్నా ముందే బతకాల్సిన పాట కాబట్టి దాన్ని కట్టేటప్పుడే సొంత కాళ్లమీద నిలబడేలా కడతారు. మనిషి సంగతి సరిగా తెలియనప్పుడు, కొత్తగా చేరిన కొలీగ్‌కో, పెళ్లిచూపుల తర్వాత నంబరు తీసుకున్న అబ్బాయికో, సినిమా పాటే పంపండి. రిస్కు తక్కువ.

తెలుగు రానివాళ్లకి పంపేటప్పుడు మాత్రం కొంచెం ఆలోచించాలి. సాహిత్యం మీద నడిచే పాట, అంటే ఒక మాట విరుపుకే మనం "ఆహా" అనుకునేది, వాళ్లకి సగం కూడా అందదు. దరువు మీదో, రాగం మీదో నడిచేది అందుతుంది. ఇంకో సందేహం భాషల వెర్షన్లతో వస్తుంది. 'నాటు నాటు' హిందీలో 'నాచో నాచో', తమిళంలో 'నాట్టు కూత్తు', కన్నడంలో 'హళ్లి నాటు'. చెన్నై స్నేహితుడికి ఏది పంపాలి? నా ఓటు తెలుగుకే. ట్యూన్ ఏ అక్షరాల మీద పుట్టిందో ఆ అక్షరాల్లోనే బాగా కూర్చుంటుంది. అతనికి నచ్చాక తమిళం అతనే వెతుక్కుంటాడు. తమిళంలో పుట్టి తెలుగులోకి వచ్చిన పాట మనకి నచ్చినప్పుడు మాత్రం, ఆ మనిషికి తమిళమే పంపడం మర్యాద.

యాప్‌లో ఒకే పాట పది చోట్ల కనిపిస్తుంది. అసలు ఆల్బమ్, "సూపర్ హిట్స్" కలెక్షన్, లోఫై (మెత్తబరిచిన రీమిక్స్), స్లోడ్ అండ్ రివర్బ్ (వేగం తగ్గించి ప్రతిధ్వని కలిపినది), 8డి (సౌండు తల చుట్టూ తిరిగినట్టు చేసినది), ఎవరో పాడిన కవర్. తొందరలో మొదట కనిపించింది నొక్కేస్తాం, అవతలివాళ్లు మాత్రం ఆ పాట అంటే అదే అనుకుంటారు. అసలు ఆల్బమ్ పేరు, పాడినవాళ్ల పేర్లు చూసి పంపండి. మొదటిసారి వినేవాళ్లకి స్లోడ్ వెర్షన్ పంపడం అన్యాయం.

బీజీఎం: చూసినవాళ్లకే

బీజీఎం దగ్గరికొస్తే పైన చెప్పిన సౌకర్యం పోతుంది. హీరో ఎంట్రీకి థియేటర్లో రోమాలు నిక్కబొడుచుకున్న ట్యూన్‌ని విడిగా ఇయర్‌ఫోన్స్‌లో వింటే చాలాసార్లు డ్రమ్ములు, కోరస్ అరుపులే మిగులుతాయి. అది సంగీత దర్శకుడి తప్పు కాదు. ఆ సంగీతం చేయాల్సిన పనే బొమ్మని పైకెత్తడం. కాబట్టి బీజీఎం పంపాలంటే సినిమా చూసినవాళ్లకి పంపండి, ఏ సీనుదో ఒక్క ముక్క రాయండి. "ఇంటర్వెల్ ముందు వర్షంలో" అంటే చాలు, వాళ్లకి మొత్తం గుర్తొస్తుంది.

చూడనివాళ్లకి కూడా నిలబడే బీజీఎంలు ఉన్నాయి. హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ 'ఇంటర్‌స్టెల్లార్' సినిమాకి 2014లో చేసిన సంగీతం అలాంటిదే. అందులో పెద్ద పెద్ద గొట్టాలున్న చర్చి ఆర్గన్ వినిపిస్తుంది, లండన్‌లోని టెంపుల్ చర్చిలో రికార్డు చేశారు. కథ తెలియకపోయినా గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టు ఉంటుంది. దాన్ని పంపేటప్పుడు ఒక మెలిక ఉంది. అంతరిక్ష నౌకని డాకింగ్ చేసే సీనులో వచ్చే 'నో టైమ్ ఫర్ కాషన్' మొదట వచ్చిన మామూలు ఆల్బమ్‌లో లేదు, పెద్ద ఎడిషన్‌లో ఉంది. ఆల్బమ్ మొత్తం లింకు పంపేటప్పుడు మీకు నచ్చిన ట్రాక్ అందులో ఉందో లేదో చూసుకోండి. తెలుగు సినిమాలకైతే ఈ బాధ ఇంకా ఎక్కువ. పాటల ఆల్బమ్ ముందొస్తుంది, బీజీఎం ఆల్బమ్ ఎప్పుడొస్తుందో తెలియదు, కొన్నిటికి అసలు రాదు.

ట్రాక్ పేర్ల వల్ల కథ బయటపడడం ఇంకో ప్రమాదం. 1999లో 'స్టార్ వార్స్: ఎపిసోడ్ 1' సౌండ్‌ట్రాక్ ఆ సినిమా కన్నా రెండు వారాల ముందే అమ్మకానికి వచ్చింది. అట్ట వెనక ట్రాక్ పేర్లలో ఒకటి ఫలానా పాత్ర వీరమరణం గురించి, ఇంకొకటి అదే పాత్ర అంత్యక్రియల గురించి! టికెట్టు కొనకముందే క్లైమాక్స్ తెలిసిపోయింది. సినిమానో సిరీసో చూడబోతున్నవాళ్లకి ఆల్బమ్ లింకు ఇవ్వకండి, ఆ ఒక్క ట్రాక్ లింకే ఇవ్వండి.

సీరియల్ టైటిల్: కలిసి చూసినవాళ్లకి మాత్రమే

సీరియల్ ట్యూన్ బలం రిపీట్‌లో ఉంది. వారం వారం, ఏళ్ల తరబడి, అన్నం తినే టైముకి వినబడీ వినబడీ లోపలికి దిగిపోతుంది. అందుకే 1980ల్లో దూరదర్శన్‌లో వచ్చిన 'మాల్గుడి డేస్'కి ఎల్. వైద్యనాథన్ కట్టిన ట్యూన్ ఎత్తుకోగానే నలభై దాటినవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ఆ ఇంట్లోనే పుట్టిన పాతికేళ్లవాళ్లు "బానే ఉంది" అంటారు. 2001లో మొదలైన 'అమృతం' టైటిల్ సాంగ్, కల్యాణి మాలిక్ స్వరపరిచింది, దాని పరిస్థితి కొంచెం నయం. యూట్యూబ్ పుణ్యమా అని తర్వాతి తరం కూడా ఆ ఎపిసోడ్లు చూసింది కాబట్టి ఫ్యామిలీ గ్రూపులో పెద్దా చిన్నా అందరికీ ఒకేసారి పనిచేసే పాట అది. పైగా మాటల్లో ధైర్యం చెప్పే గుణం ఉంది. ఉద్యోగం పోయినవాడికి నేను ఉపదేశం బదులు అదే పంపుతాను.

ఇప్పటి సిరీస్‌ల సంగతి వేరు. "స్కిప్ ఇంట్రో" బటన్ వచ్చాక టైటిల్ సంగీతం మొత్తం వినేవాళ్లు తగ్గారు. ఒకే రాత్రి ఎనిమిది ఎపిసోడ్లు చూసినా టైటిల్ ఒక్కసారే వింటారు. అయినా 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'కి రమీన్ జవాదీ చేసిన చెల్లో ట్యూన్, 'సక్సెషన్'కి నికొలస్ బ్రిటెల్ చేసినది (2019లో దానికి టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది) జనం స్కిప్ చేయకుండా విన్నవి. సిరీస్ చూడనివాళ్లకి పంపాలంటే రెండోదే తీసుకోండి. పియానో మీద హిప్‌హాప్ బీటు పడుతుంది, ఎవరి కథో తెలియకపోయినా తల ఊగుతుంది. మొదటిది ఆ సిరీస్‌లో డ్రాగన్లని చూసినవాళ్లకి.

గేమ్ మ్యూజిక్: మనం తక్కువ అంచనా వేస్తున్నది

మన ఇళ్లలో గేమ్ సౌండు అంటే "ఆ గోల ఆపరా" అనే తిట్టే గుర్తొస్తుంది. కానీ పంపడానికి ఎంచుకునేటప్పుడు గేమ్ సంగీతానికి మిగతావాటికి లేని గుణం ఒకటుంది. ఆడేవాడు ఒక చోట రెండు నిమిషాలు ఉంటాడో రెండు గంటలు ఉంటాడో స్వరకర్తకి తెలియదు. అందుకని ట్యూన్ చివర మొదటికి అతుక్కునేలా, ఎన్నిసార్లు తిరిగినా విసుగు రాకుండా, ఆట మీద ధ్యాస చెదరకుండా కట్టాలి. 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్'కి కోజీ కొండో ఆ కాలపు గేమ్ మెషీన్ చిన్న మెమరీలో చేసింది ఇదే. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని తన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాకెక్కిన మొదటి గేమ్ సంగీతం అది.

ఈ గుణం వల్ల చదువుకునేవాళ్లకి, కోడింగ్ చేసేవాళ్లకి, రాత్రి డ్యూటీ వాళ్లకి గేమ్ మ్యూజిక్‌ని మించింది లేదు. సినిమా పాట పెట్టుకుంటే నోరు దానంతట అదే పాడేస్తుంది, చేతిలో పని ఆగుతుంది. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న తమ్ముడికి నేనైతే 'మైన్‌క్రాఫ్ట్' సంగీతం పంపుతాను. సి418 అనే పేరుతో డేనియల్ రోసెన్‌ఫెల్డ్ చేసిన ఆల్బమ్ 2011లో వచ్చింది. మెల్లగా పియానో, మధ్యలో బోలెడంత నిశ్శబ్దం. 2025లో అదీ ఆ రిజిస్ట్రీలోకి వెళ్లింది. ఇంట్లో పదేళ్ల పిల్లాడుంటే ఒక పని చేసి చూడండి. ఏమీ చెప్పకుండా హాల్లో ఇది పెట్టండి. "అమ్మా, ఇది నీకెలా తెలుసు?" అంటూ గదిలోంచి వాడే బయటికొస్తాడు. గేమ్ కట్టేయమని పదిసార్లు అరిచినా రానివాడు!

గేములంటే ఏమిటో తెలియని పెద్దవాళ్లకి పంపాలంటే 'బాబా యెతు' పంపండి. 2005లో వచ్చిన 'సివిలైజేషన్ 4' గేమ్ మెనూ స్క్రీన్ మీద వినిపించే బృందగానం ఇది. క్రిస్టఫర్ టిన్ స్వరపరిచాడు, 2011లో గ్రామీ గెలిచింది. గేమ్ కోసం పుట్టిన సంగీతానికి గ్రామీ రావడం అదే మొదలు. మాటలు స్వాహిలీలో ఉంటాయి. అర్థం మాత్రం చర్చికి వెళ్లే ప్రతి తెలుగింటికీ తెలిసిందే, "పరలోకమందున్న మా తండ్రీ" ప్రార్థన. క్వయర్‌లో పాడే అత్తయ్య ఎవరైనా ఉంటే గేమ్ ఊసెత్తకుండా, "అత్తయ్యా, ఇది పరలోక ప్రార్థన, ఆఫ్రికా భాషలో. ఒక్కసారి వినండి" అని పంపండి. విన్నాక ఎక్కడిదని అడుగుతారు, అప్పుడు చెప్పొచ్చు.

"గేమ్ సంగీతమా, టింగు టింగుమంటుంది" అనే సినిమా పిచ్చోళ్లకి 'ది లాస్ట్ ఆఫ్ అస్' సరైన జవాబు. రెండుసార్లు ఆస్కార్ తీసుకున్న గుస్తావో సాంతవోలాయా 2013లో గేమ్‌కి చేసిన థీమ్ సంగీతమే, 2023లో హెచ్‌బీఓ సిరీస్ టైటిల్స్‌లోనూ వినిపిస్తుంది. తీగలు మీటే చప్పుడు తప్ప ఆర్భాటం ఏమీ ఉండదు. సిరీస్ చూసినవాళ్లకి ఇది గేమ్‌దని తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

గేమ్ సంగీతంతో చిక్కల్లా దొరకడంలోనే. మారియో గేములు చేసే నింటెండో తన పాటల్ని మామూలు స్ట్రీమింగ్ యాప్‌లకి ఇవ్వకుండా 2024 అక్టోబరులో సొంత యాప్ తెచ్చింది, అదీ వాళ్ల ఆన్‌లైన్ సభ్యత్వం ఉన్నవాళ్లకే. యాప్ మాత్రం తెలివైనది. ఒక ట్రాక్‌ని గంటదాకా సాగదీసి వినొచ్చు, ఇంకా ఆడని గేమ్ పాటల్ని కథ బయటపడకుండా దాచమనీ చెప్పొచ్చు. కానీ ఊళ్లో ఉన్న మేనల్లుడికి లింకు పంపితే ఏం తెరుచుకుంటుంది? అందుకే మారియో పాట వినిపించాలంటే ఫోను పట్టుకుని పక్కన కూర్చోవడమే దారి. చిన్న కంపెనీల గేములు ఇందుకు పూర్తిగా ఉల్టా. పాటలమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లోనో, గేములమ్మే సైటు స్టీమ్‌లోనో డబ్బు కడితే ఫైలే చేతికొస్తుంది.

లింకా, ఫైలా, స్టేటస్సా, పెన్‌డ్రైవా

ఏం పంపాలో తేలాక ఎలా పంపాలన్నది మిగులుతుంది. చాలామంది తాము వాడే యాప్ లింకే అందరికీ పంపుతారు. అవతలివాళ్ల దగ్గర ఆ యాప్ లేకపోతే ముందు ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ఆపైన లాగిన్. మా పిన్ని లాంటివాళ్లు అక్కడే ఆగిపోతారు. అందుకని ఒక్క పాటకైతే యూట్యూబే మేలు. యాడ్ వస్తే వచ్చింది, అందరి ఫోనులోనూ తెరుచుకుంటుంది. కంప్యూటర్‌లో షేర్ నొక్కితే ఫలానా నిమిషం నుంచి మొదలయ్యేలా లింకు చేసుకోవచ్చు. ఏడు నిమిషాల బీజీఎంలో మీకు నచ్చింది నాలుగో నిమిషం దగ్గరుంటే అక్కడి నుంచే పంపండి. అధికారిక చానెల్ చూసుకుని పంపడం మంచిది. ఎవరో ఎక్కించిన వీడియో ఆరు నెలలకి కాపీరైట్ దెబ్బకి ఎగిరిపోతుంది.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి పంపేటప్పుడు ఇంకో సంగతి. పాటల హక్కులు దేశాన్నిబట్టి ఉంటాయి. ఇక్కడ హాయిగా పాడే లింకు డల్లాస్‌లో "మీ దేశంలో అందుబాటులో లేదు" అనొచ్చు. లింకుతో పాటు పాట పేరు, సినిమా పేరు కూడా రాస్తే వాళ్లే వెతుక్కుంటారు.

ప్లేలిస్టు మంచిదే, చిన్నదైతే. అరవై పాటల ప్లేలిస్టు పంపడం అంటే పెళ్లి భోజనం మొత్తం పార్శిల్ కట్టి ఇంటికి పంపినట్టు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పక్కన పెట్టేస్తారు. ఆరేడు చాలు. మొదటిది వాళ్లకి తెలిసిందే అయ్యుండాలి.

స్టేటస్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. ఇరవై నాలుగు గంటల్లో పోతుంది, పాటలో ముక్కే పడుతుంది. మీ మూడ్ ఏమిటో నలుగురికీ చెప్పడానికి బాగుంటుంది, పాట పరిచయం చేయడానికి పనికిరాదు.

కారులో నాన్నకి, ఊళ్లో తాతయ్యకి మాత్రం ఇప్పటికీ పెన్‌డ్రైవే రాజు. ఇక్కడ లెక్క తెలిసుండాలి. 320 కేబీపీఎస్ ఎంపీ3 (ఎంపీ3ల్లో మెరుగైన క్వాలిటీ) నిమిషానికి సుమారు 2.4 ఎంబీ తింటుంది. ఐదు నిమిషాల పాట 12 ఎంబీ. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఆరొందలకి పైగా పడతాయి. కారు స్టీరియో కోసమైతే క్వాలిటీ ఏమాత్రం తగ్గించకుండా దాచే ఫ్లాక్ ఫైళ్ల జోలికి పోనక్కర్లేదు. సైజు రెండు మూడింతలవుతుంది, డీజిల్ ఇంజిను చప్పుడులో తేడా ఎవరికి తెలుస్తుంది? చాలా స్టీరియోలు ఎఫ్‌ఏటీ32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి, ఫైల్ పేర్ల వరుసలోనే పాడతాయి. పది ఆల్బమ్‌లు ఒకే ఫోల్డర్‌లో పడేస్తే పదింటిలోనూ "01" అని మొదలయ్యే పాటలు ముందు వరసగా వచ్చేస్తాయి, ఆ తర్వాత "02"లు. నాన్న ఘంటసాల దగ్గర మొదలుపెట్టి రెండో పాటకే ర్యాప్‌లో పడతారు. సినిమాకో ఫోల్డర్, ఫోల్డర్ పేరు ముందు మీకు కావాల్సిన నంబరు. పదిహేను నిమిషాల పని.

యాప్‌లో "డౌన్‌లోడ్" చేసుకున్న పాటని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామనుకుంటే కుదరదు. అది ఆ యాప్‌లోనే తెరుచుకునేలా తాళం వేసిన ఫైలు. ఇక ఫ్రీ డౌన్‌లోడ్ సైట్లు దొంగ సరుకు. 320 అని రాసి 128 ఫైలు అంటగడతాయి, నొక్కిన ప్రతిచోటా ఏదో ఒక యాడ్ పేజీ తెరుచుకుంటుంది. నాన్న పాత సీడీలు బీరువాలో ఉంటే వాటిలోంచి తీసుకోవడమే శుభ్రమైన పని.

పాట పేరే గుర్తురాకపోతే గూగుల్ యాప్‌లో మైకు నొక్కి, పాట వెతికే బటన్ ఎంచుకుని ట్యూన్ హమ్ చేయండి, చాలాసార్లు పట్టేస్తుంది. గేమ్ బీజీఎంల దగ్గర మాత్రం తడబడుతుంది.

దూరంగా ఉన్నా కలిసి వినాలంటే

ఇన్ని దారుల్లోనూ నాకు బాగా నమ్మకమైనది కలిసి వినడం. పక్కన మనిషి ఉంటే స్కిప్ కొట్టరు. విదేశాల్లో ఉన్న అక్కతో కూడా ఇది కుదురుతుంది, కాకపోతే వీడియో కాల్‌లో ఫోను స్పీకర్ దగ్గర పెట్టి పాట వినిపించకండి. కాలింగ్ యాప్‌లు మాట తప్ప మిగతాదంతా రొద అనుకుని నొక్కేస్తాయి, వయొలిన్ నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. జూమ్‌లో అయితే స్క్రీన్ షేర్ చేసేటప్పుడు కింద "షేర్ సౌండ్" అనే గడి ఉంటుంది, దాన్ని టిక్ చేయాలి. గూగుల్ మీట్‌లో అయితే క్రోమ్ ట్యాబ్ ఎంచుకుని, ట్యాబ్ ఆడియో ఆన్ చేసి షేర్ చేస్తే సరి. స్పాటిఫైలో 2023లో వచ్చిన జామ్ ఇంకా హాయి, ఎవరి ఫోనులో వాళ్లకి పూర్తి క్వాలిటీలో ఒకేసారి పాడుతుంది. కానీ వేరే వేరే ఊళ్లలో ఉంటే ఇద్దరికీ డబ్బు కట్టే ప్రీమియం ఉండాలి. లేకపోతే పాత పద్ధతే: ఇద్దరూ యూట్యూబ్‌లో అదే వీడియో తెరిచి, "అక్కా, మూడు అనగానే నొక్కు" అని, ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఒకరికే యాడ్ వస్తే మళ్లీ మొదటి నుంచి.